మూడో జ్ఞాని అంగీ

మా మామగారికి ఇద్దరల్లుళ్ళం. పెద్దల్లుణ్ణి నేను, టైలర్ని. చిన్నవాడు బడిలో లెక్కల మాస్టారు. వాడంటే ఊరందరికీ ముద్దు, నాకు ఒళ్ళుమంట. ఈ సంగతి ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది.

చర్చిలో క్రిస్మస్ నాటకం వేయించేది మామగారే. అందులో తొమ్మిదేళ్ళుగా హేరోదు రాజుని నేను. నా మీసం పెద్దది, గొంతు పెద్దది. అంతకుమించి అర్హతలు ఎవరూ అడగలేదు. ఎక్కడో ఒక పసివాడు పుట్టాడని వినగానే, తన సింహాసనానికి ఎసరొచ్చిందని కుళ్ళిపోయే రాజు వాడు. ఆ పసివాడికి మొక్కడానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు ముగ్గురూ దారి అడిగితే, "వెళ్ళి వెతకండి, దొరికితే కబురు పెట్టండి, నేనూ వచ్చి మొక్కుతాను" అని అబద్ధమాడాలి. తొమ్మిదేళ్ళుగా వస్తానని చెప్పడమే గానీ వెళ్ళింది లేదు. నా సీను అయిపోతే కిరీటాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని తెర వెనక నిలబడాల్సిందే. తీరా చూస్తే, తొట్లో పడుకోబెట్టే పసివాడి బొమ్మకి గుడ్డలు ఇచ్చేది నేను. కొట్లో మిగిలిన మెత్తటి ముక్కలు ఏడాది పొడుగునా దాచి, అంచులు కుట్టి పంపుతాను. అవి బొమ్మ ఒంటికి ఎలా అమరాయో దగ్గరికెళ్ళి ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఈ ఏడు, మూడో జ్ఞాని వేషం కట్టే పెద్దాయన కూతురి ఊరికి మకాం మార్చాడు. ఇక ఆ వేషం నాదేనని మా ఆవిడతో కూడా చెప్పేశాను. కొట్లో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు మోకాళ్ళూని చూసుకున్నాను. బాగానే ఉన్నాననిపించింది.

మర్నాడు మామగారు కొట్టుకొచ్చి కూర్చున్నారు. "పెద్దల్లుడుగారూ, మూడో జ్ఞానికి కొత్త అంగీ కుట్టాలి. చిన్నల్లుడు వేస్తున్నాడు."

"మరి నేను?"

"మీరు పక్కకెళ్తే హేరోదు ఎవరండీ? ఆ కుళ్ళుమోతుతనం ఇంకెవరికీ రాదు. మీకైతే భలే సహజంగా వస్తుంది."

నన్ను మెచ్చుకున్నాననే అనుకున్నారాయన. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. వాడు మా చర్చికి రావడం మొదలుపెట్టి రెండేళ్ళు. పోయినేడు తెర తాడు లాగాడు. నిన్నగాక మొన్న తాడు లాగినవాడు ఇవాళ జ్ఞాని అయి కూర్చున్నాడు. కక్కలేక మింగలేక సరేనన్నాను.

వాడు ఆ సాయంత్రమే వచ్చాడు. "అన్నయ్యా, పండగ రద్దీలో మీకు నా పని కూడా తగిలింది. కొలతలు తీసుకుంటారా?"

"అక్కర్లేదు. నీదీ నాదీ ఒకటే కొలత."

అది నిజమే, కానీ కారణం అది కాదు. వాడి చుట్టూ టేపు పట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. నా కొలతలతోనే కత్తిరించాను.

ముదురు నీలం బట్ట. మెడ, చేతులు, అంచులకి జరీ, అన్నీ పద్ధతిగా కుట్టాను. వీపు మధ్య నిలువు కుట్టు దగ్గరికొచ్చేసరికి మామగారి మాట గుర్తొచ్చి కడుపు మళ్ళీ మండింది. మిషను ఆపి, చేత్తో కచ్చాకుట్టు వేశాను. రెండు ముక్కలూ కదలకుండా ముందు వదులుగా పోగు వేస్తాం. దాని మీద మిషను కుట్టు పడ్డాక ఆ పోగు లాగేస్తాం. నేను మిషను కుట్టు వేయలేదు. నిలబడినా నడిచినా ఆ అంగీకి ఏమీ కాదు. తొట్టి ముందు జ్ఞాని మొక్కినట్టు మోకాళ్ళూని తల నేలకి వంచితే మాత్రం మెడ నుంచి నడుం దాకా విచ్చుకుంటుంది. చర్చి నిండా జనం చూస్తూండగా విచ్చుకుంటుంది. నీటుగా ఇస్త్రీ చేసి పంపించి, ఆ పూట కడుపునిండా భోంచేశాను.

పండగ సాయంత్రం, చర్చి వెనక గదిలో మీసం దువ్వుకుంటున్నాను. వాడు అంగీని చేతిమీద వేసుకుని వచ్చాడు.

"అన్నయ్యా, ఇది మీరు వేసుకోండి. కిరీటం ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"పోయినేడు మీ సీను అయ్యాక, పక్క తెర సందులోంచి తొట్టివైపు చూస్తూ నిలబడ్డారు. పాట అయ్యేదాకా కదల్లేదు. తెర పూర్తిగా లాగితే మీకు కనబడదని జానెడు వదిలేశాను. మామయ్యగారు తిట్టారు కూడా." వాడు నేల చూపులు చూశాడు. "ఈ వేషం నాకిచ్చినప్పుడే అన్నయ్యకివ్వండన్నాను. హేరోదు దొరకడన్నారు. అందుకని నెల్లాళ్ళుగా మీ మాటలన్నీ బట్టీపట్టాను. మీసం బొగ్గుతో గీస్తారట."

నాకు ఇంకా మండింది. ఆఖరికి ఇవ్వడంలో కూడా వాడే ముందున్నాడు. "నువ్వే వేసుకో" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే నేను తవ్విన గోతిలో నేను పడను, వాడు పడతాడు. సూదీ దారం జేబులోనే ఉన్నాయి, కానీ ఆ కుట్టుకి పావుగంటైనా కావాలి. మిగతా ఇద్దరు జ్ఞానులూ అప్పటికే గుమ్మంలో నిలబడి పిలుస్తున్నారు. చిల్లుల బనీను మీద నీలం అంగీ తొడుక్కున్నాను. నాకు కొలిచి కుట్టినట్టే ఉంది.

వాడు నా విరుపుతోనే నా మాటలన్నీ చెప్పాడు. నేనూ వచ్చి మొక్కుతాను అన్నప్పుడు జనం నవ్వారు. నాకు తొమ్మిదేళ్ళలో ఎవరూ నవ్వలేదు.

తర్వాత తొట్టి సీను, దాంతోపాటే పాట. మొదటి ఇద్దరూ సాగిలపడి లేచారు. నా వంతు వచ్చింది. నిలబడే తల వంచి కానుక పెట్టె అక్కడ పెట్టేస్తే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. మామగారు మాత్రం రిహార్సల్లో వందసార్లు చెప్పారు. "దేవుడే అంత కిందికి దిగి తొట్లో పడుకున్నాక, మనకి వంగడానికేం రోగమండీ? తల నేలకి తగలాలి."

బొమ్మని చూశాను. ముక్కు కొంచెం చెక్కుకుపోయింది. ఒంటినిండా నా గుడ్డలే. ఒకటి ఎవరిదో చొక్కాలో మిగిలింది, ఒకటి దిండు గలీబులోది. అంత పెద్ద దేవుడు మిగిలిపోయిన ముక్కలు చుట్టుకుని అందరి ముందూ పడుకుంటే, నేను నా వీపు దాచుకుంటున్నాను. సిగ్గేసింది.

మోకాళ్ళూని, తల నేలకి ఆనించాను. వీపు చర్రున విచ్చుకుంది. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దవాళ్ళు. నేను లేవలేదు.

అడుగుల చప్పుడు వినబడింది. హేరోదు రాజు ఎర్ర శాలువా నా వీపు మీద పడింది. వాడు నా పక్కనే మోకాళ్ళూనాడు.

"హేరోదు ఇక్కడికెందుకొచ్చాడయ్యా," అని ముందు వరసలోంచి మామగారు గొణగడం వినబడింది.

"కుట్టు ఊడిందా అన్నయ్యా?" అన్నాడు వాడు నా చెవిలో.

"ఊడలేదు. నేనే వేయలేదు. నీకోసం కుట్టింది కదా ఇది."

లెక్కల మాస్టారు, అర్థం కావడానికి ఎంతసేపు. బొగ్గు మీసం కింద పెదాలు బిగుసుకున్నాయి. శాలువా లాక్కుని వెళ్ళిపోతాడనుకున్నాను.

"తల ఎత్తకండి," అన్నాడు. "పాట ఇంకా రెండు చరణాలుంది."

అది అయ్యేదాకా శాలువా జారకుండా పట్టుకునే ఉన్నాడు.