తిరుగు ప్రయాణానికి ఎందరు?

గుంటూరు నుంచి ఒంగోలు ఎంత దూరమని! పొద్దున్నే ఇంత కాఫీ తాగి కారెక్కితే ఎండ ముదరకముందే చేరుకోవచ్చు. అక్కడ భోంచేసి, కాసేపు నడుం వాల్చి, దీపాలు పెట్టేవేళకు ఇంటికొచ్చి పడొచ్చు. మిర్చి వ్యాపారులకు అది ప్రయాణమే కాదు. కానీ జక్రయ్య మాస్టారికి మాత్రం ఆ ప్రయాణం గురించి తలుపు అవతలున్న మనిషితో ఒక్క మాట మాట్లాడటం కొద్ది రోజులుగా చేతకావడం లేదు.

తలుపు అవతలున్నది ఆయన అత్తగారు ఎలీసమ్మ. ఈ ప్రయాణం ఆవిడ కోసమే. ఆవిడను ఒంగోల్లో కొడుకు దానయ్య ఇంట్లో దించి మాస్టారు ఒక్కరే తిరిగి రావాలి. ఆవిడ ఇక అక్కడే ఉండిపోతుంది.

అత్త అల్లుడి ఎదుట పడకూడదు, అల్లుడితో నోరు విప్పి మాట్లాడకూడదు అనేది ఎలీసమ్మ పుట్టిన పల్లెలో పద్ధతి. మార్టూరు వైపు పొగాకు కాల్చే బేరన్ల దగ్గర కూలి చేసి బతికిన కుటుంబం. బాప్తిస్మం తీసుకున్నాక పాత అలవాట్లు చాలానే వదిలేశారు గాని, దీన్ని వదల్లేదు. పాస్టరుగారు ఒకసారి ప్రసంగంలో ఇవన్నీ మూఢాచారాలని చెప్పి చూశారు. ఎలీసమ్మ వినయంగా తల ఊపింది. ఆరాధన కాగానే అల్లుడు వచ్చే దారి తప్పించి, గుడి వెనక గుమ్మం నుంచి ఇంటికి పోయింది.

మాస్టారు బి.ఏ. చదివి, హైస్కూలు పిల్లలకు భూగోళం చెప్పిన మనిషి. యాభై అయిదేళ్లు నిండిన ఉద్యోగులందరినీ సర్కారు ఇంటికి పంపించిన ఏడు ఆయనా ఇంటికొచ్చారు. అంత చదువుకున్నా ఈ తలుపు చాటు ఆయనకు వింతగా ఎప్పుడూ తోచలేదు. ఎందుకంటే మధ్యలో రెబ్కా ఉండేది. పిల్లలు లేని ఆ ఇంట్లో మాటలన్నీ ఆవిడ చేతుల మీదుగానే నడిచేవి. "అమ్మ చారు ఎలా ఉందని అడుగుతోందండీ" అనేది ఇటు తిరిగి. "బాగుందంటన్నారే అమ్మా, మళ్లీ పోయించుకున్నారు" అనేది అటు తిరిగి, ఆయన పోయించుకోకపోయినా సరే.

రెబ్కాకు మూత్రపిండాల జబ్బు ముదిరినప్పుడు చెయ్యి సాయానికని ఎలీసమ్మ వచ్చింది. పోయిన క్రిస్మసుకు ముందు రెబ్కా వెళ్లిపోయింది. ఎలీసమ్మ ఉండిపోయింది.

భార్య పోయాక మాస్టారి లోపల ఏదీ కదల్లేదు. ఏడుపు రాలేదు. పత్తి మూటల మధ్య కూర్చున్నవాడికి బయటి చప్పుళ్లు వినపడ్డట్టు లోకం ఎక్కడో దూరంగా నడుస్తూ ఉండేది. అయినా కొన్ని చిన్న చిన్న సంగతులు ఆయన కంటపడేవి. మిరపకాయల రోజులొచ్చి ఊరంతా తుమ్ముతుంటే తన గది కిటికీకి తడిపిన పంచె వేలాడుతూ ఉండేది. తన కడుపులో మంటకు కారం మానిపించమని డాక్టరు చెప్పినది రెబ్కాకు. రెబ్కా పోయినా కూరలోకి కారం తిరిగి రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్లు లేవకుండా కూర్చుంటే వంటింట్లో ఒక గిన్నె గట్టిగా కింద పడేది. వాళ్లు ఉలిక్కిపడి, టైము చూసుకుని, ఇక వస్తామండీ అనేవాళ్లు. ఆ గిన్నె ఊరికే పడటం లేదని గ్రహించడానికి మాస్టారికి చాలా రోజులు పట్టింది.

ఆయనా తనకు తోచింది చేసేవారు. ఇంట్లోకి వచ్చేముందు గేటు దగ్గర నిలబడి దగ్గేవారు, ఆవిడ హడావిడి పడకుండా లోపలికి తప్పుకునేటంత సేపు. అంతకుమించి ఇద్దరి మధ్యా ఏమీ లేదు.

అలాంటి రోజుల్లో పక్కింటి ఫోనుకు ఒంగోలు నుంచి ట్రంకాల్ వచ్చింది.

"బావా, అమ్మని పంపించెయ్యి," అన్నాడు దానయ్య. లైను గరగరమంటున్నా అతని గొంతు పక్కింటివాళ్లందరికీ వినపడుతోంది. "అక్కే పోయాక అల్లుడింట్లో అమ్మకేం పని? తల్లిని అల్లుడి మీద పడేసి కూర్చున్నాడని ఇక్కడ నలుగురూ నన్నంటన్నారు. రేపు నువ్వు మళ్లీ చేసుకోవాలనుకున్నా అడ్డం కదా!"

"సరే దానయ్యా. నీ ఇష్టం," అన్నారు మాస్టారు. ఆ మాట అనడానికి ఆయనకు కష్టమూ కలగలేదు, సుఖమూ కలగలేదు.

ఇంటికొచ్చి నడవలో నిలబడి, గోడ మీది క్యాలెండరుకు చెప్పారు. "దానయ్య ఫోను చేశాడు. ఒంగోలు రమ్మన్నాడు. శనివారం కారు మాట్లాడతాను."

తెల్లారి చూస్తే ఆవిడ రేకు పెట్టె తాడు బిగించి గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. పెద్దావిడకు మాత్రం కొడుకూ మనవళ్లూ అని ఉండదా అనుకున్నారు మాస్టారు.

శుక్రవారం సాయంత్రం టాక్సీ బుడేను పిలిపించారు. బుడేకు ఒక పాత అంబాసిడరు, దానికి తగ్గ పెద్ద గొంతు ఉన్నాయి. రెబ్కాను ఆసుపత్రికి తిప్పింది ఆ కారే. వరండాలో మాస్టారు పడక కుర్చీలో కూర్చున్నారు. బుడే అరుగు మీద చతికిలబడ్డాడు. వాకిలి తలుపు ఓరగా ఉంది. దాని వెనక తెల్ల చీర అంచు కొంచెం కనబడుతోంది.

"అయిదుకల్లా బండెక్కాలి మాస్టారూ," అన్నాడు బుడే. "పొద్దెక్కితే చిలకలూరిపేట రోడ్డంతా మిరప టిక్కీ బస్తాల లారీలే. వాటెనక పడ్డామంటే తుమ్ముకుంటా పోవాల్సిందే."

"అయిదంటే ఆయనకి కాఫీ ఎప్పుడు కాయను?" అంది తలుపు. "ఆరు అను నాయనా."

బుడే తలుపు వైపు చూశాడు. మాస్టారి వైపు చూశాడు. "మామ్మగారు ఆరంటన్నారు."

"అయిదున్నర అని చెప్పు."

"అయిదున్నరంట మామ్మా."

"సరేనను."

"సరేనంట మాస్టారూ," అని బుడే తల గోక్కున్నాడు. "ఆవిడన్నది మీకు వినపడింది కదా?"

"వినపడింది."

"మీరన్నది ఆవిడకీ వినపడింది. మరి మధ్యలో నేనెందుకండీ అరవటం?"

"అలవాటు బుడే. కాస్త ఓపిక పట్టు."

"నాకేం, అరుస్తా. టెలిఫోనాఫీసులో ఉద్యోగమిచ్చినా ఈపాటికి ప్రమోషనొచ్చేది."

మాస్టారు నిదానంగా చెప్పుకొచ్చారు. ఆవిడకు కారు పడదు, పెట్రోలు వాసనకు కడుపులో తిప్పుతుంది. కాబట్టి యడ్లపాడు దాటాక ఒకసారి, మార్టూరులో ఒకసారి ఆపాలి. నీడ చూసి ఆపాలి. చేతిలో నిమ్మకాయ ఉండాలి. లారీలను దాటబోయి హారను అదేపనిగా మోగించకూడదు, ఆవిడకు గుండెదడ. ఇవన్నీ తనకు ఎలా తెలుసో ఆయనకే తెలియదు. రెబ్కా ఎప్పుడెప్పుడో చెప్పినవై ఉంటాయి.

"వద్దను," అంది తలుపు. "ఆగుతా పోతే ఆయన తిరిగొచ్చేసరికి చీకటి పడిద్ది. ఆయనకి రాత్రిపూట ఎదురు లైట్లు పడవు. నా తిప్పలేవో నేను పడతాను. ఆయన తిరిగొచ్చేటప్పుడు తినటానికి పెరుగన్నం కట్టిస్తా, బండిలో పెట్టుకోమను. దానయ్య పెళ్లాం కూరల్లో కారం గుమ్మరిచ్చుద్ది."

"మామ్మగారేమంటన్నారంటే–"

"వినపడింది," అన్నారు మాస్టారు.

బుడే చుట్ట ముక్క తీసి, వెలిగించకుండానే మళ్లీ చెవి సందులో పెట్టుకున్నాడు. "ఇంకొక్క సంగతి తేల్చండి. తిరుగు ప్రయాణానికి ఎందరు?"

మాస్టారికి అర్థం కాలేదు.

"అదేనండీ. తిరిగొచ్చేటప్పుడు బండిలో మీరెందరు? ఒంగోలు బస్టాండు దగ్గర గుంటూరొచ్చే జనం ఎప్పుడూ ఉంటారు. మీరొక్కరే అయితే ఖాళీ సీట్లలో ముగ్గుర్ని ఎక్కించుకుంటా. ఆ మేరకు మీకూ తగ్గిస్తా. మీరెందరో ఇప్పుడే చెబితే మా బామ్మర్దికి కబురు పంపిస్తా, మనుషుల్ని చూసి పెడతాడు."

ఇంత చిన్న ప్రశ్న. క్లాసులో హాజరు వేసుకున్నంత తేలికైనది. మాస్టారు వీధిలోకి చూశారు. ఎవరో సైకిలు మీద ఎండుగడ్డి మోపు కట్టుకుని పోతున్నారు.

"ఒక్కణ్ణే," అన్నారు.

తలుపు వెనకనుంచి ఆ గొంతు, ఇందాకటి కంటే తగ్గి, వినిపించింది. "ముగ్గుర్నీ ఎక్కించుకో బుడే నాయనా. మంచి మాటకారుల్ని చూసి ఎక్కించుకో. దారంతా ఒక్కరే కూర్చుంటే ఆయనకి దిగులు."

బుడే ఈసారి దాన్ని తిరిగి చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో తను ఎలా కూర్చుని ఉంటారో మాస్టారు అంతవరకూ ఊహించుకోలేదు. దానయ్య ఊహించలేదు, పరామర్శకు వచ్చిన తన తమ్ముళ్లు ఊహించలేదు, ప్రార్థన చెయ్యడానికి వచ్చిన పాస్టరుగారు ఊహించలేదు. ఇంట్లోంచి వెళ్లిపోతున్న మనిషి ఊహించింది. ఆయనకు ఏడుపు రాలేదు. కానీ తిమ్మిరెక్కిన కాలిని నేల మీద ఆనించినప్పుడు ఎక్కడో సూదులు గుచ్చినట్టయింది.

"బుడే," అన్నారు. "ఆవిడకి ఒంగోలు వెళ్లాలని ఉందో లేదో అడుగు."

బుడే అరుగు మీంచి లేచి పంచె దులుపుకున్నాడు. "ఇది మాత్రం నేనడగనండీ. కాఫీలూ నిమ్మకాయలూ అయితే ఎన్నిసార్లయినా అటూ ఇటూ చేరేస్తా. ఈ మాట మీరే అడగాలి. నేనా మూల దాకా పోయి చుట్ట కాల్చుకొస్తా." గేటు తీసుకుని వెళ్లిపోయాడు.

వరండాలో కుర్చీ, దాని ముందు ఓరగా ఉన్న తలుపు మిగిలాయి. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోతుందనుకున్నారు మాస్టారు. చీర అంచు అక్కడే ఉంది.

"అత్తయ్యగారూ," అన్నారు.

తన నోట ఆ పిలుపు ఎన్నడూ పలకలేదని, పలికాక గాని ఆయనకు తెలియలేదు.

"వింటన్నా బాబూ."

"మీకు వెళ్లాలనుందా?"

"మీరు కారు మాట్లాడతానన్నారుగా."

"మీరు పెట్టె సర్దుకున్నారుగా."

"మీరు కారన్నాక నేను సర్దకుండా ఏం చేసేది? పొమ్మంటన్నారేమో అనుకున్నా."

"నేను పొమ్మనలేదండీ. దానయ్య పంపమన్నాడు. మీకు అక్కడే బాగుంటుందేమో అనుకున్నాను."

"వాడికి నలుగురి నోటికీ భయం. నామీద ప్రేమ లేదని కాదు. వరండాలో మంచం ఏపిస్తాడు, పిల్లలు ముద్దుగా ఉంటారు, అంతా బాగానే ఉంటది." ఆవిడ ఆగింది. "అక్కడ రెబ్కా ఊసు ఎవరికీ పట్టదు బాబూ. అయిపోయిందనుకుంటారు. ఇక్కడైతే మనం మాట్లాడుకోకపోయినా మనిద్దరికీ తెలుసు."

మాస్టారు తల ఊపారు. తలుపు అవతలి మనిషికి తల ఊపితే తెలియదని గుర్తొచ్చి, "అవునండీ," అన్నారు.

"మీరు మళ్లీ చేసుకోవాలంటే నేనడ్డమని కూడా అన్నాడంట వాడు, పక్కింటోళ్లు చెప్పారు."

"చేసుకోను. ఆ మాట అతను అనుకున్నదే, నాది కాదు." ఇంకా ఏదో చెప్పాలనిపించింది. మంచి మాట ఒకటి వెతికారు. దొరకలేదు. "ఉండండి," అన్నారు. "మీరు లేకపోతే ఈ ఇంట్లో నాకు తోచదు."

"ఉంటే ఇట్టా తలుపు చాటునే ఉండాలా?" అంది ఎలీసమ్మ.

దాంట్లో విసుగుందో నవ్వుందో ఆయనకు తెలియలేదు. "మీరే తప్పుకుంటారు కదండీ. రండి. వచ్చి కూర్చోండి."

తలుపు కిర్రుమంది. ఆవిడ గడప దాటి వచ్చి, కుర్చీ కాదని, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది గాని ముఖం కప్పుకోలేదు. చిన్న ముఖం. ఎండుగా, నల్లగా, గడ్డం కింద పాత పచ్చబొట్టు చుక్కతో ఉంది. రెబ్కా పోలిక ఎక్కడా లేదు. అందుకు మాస్టారికి కాస్త ఊపిరాడింది.

ఇన్నేళ్లకు మాట్లాడుకున్నారు కాబట్టి గుండెలు తెరుచుకోవాలి, కన్నీళ్లు కారాలి. అలాంటిదేమీ జరగలేదు. ఆయనకు ఎప్పటిలాగే మొద్దుగా ఉంది. ఒక్కరే కాకుండా మొద్దుగా ఉన్నారు, అంతే తేడా.

"దానయ్యకి కోపమొస్తుందేమో," అన్నారు చివరికి.

"రానీయండి. కోపమొస్తే వాడు రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడడు. ఆ పిల్లలకి రెండ్రోజులు సుఖం."

గేటు చప్పుడైంది. బుడే వచ్చాడు. బయట కూర్చున్న ఎలీసమ్మను చూసి, చూడనట్టే అరుగు దగ్గర నిలబడ్డాడు. "ఇంతకీ రేపు బండి తేవాలా వద్దా?"

"తీసుకురా," అన్నారు మాస్టారు. "వెళ్లి, పిల్లల్ని చూసి, సాయంత్రానికి వచ్చేద్దాం. తిరుగు ప్రయాణానికి ఇద్దరం."

"ఇద్దరా! నా బేరం పోయిందన్నమాట." బుడే వేళ్లు ముడిచి లెక్క చూసుకున్నాడు. "పోనీ ముందు సీట్లో ఒకళ్లనన్నా ఎక్కించుకోనా? మీరు వెనక కూర్చుంటే."

వెనక సీటంటే అత్తగారి పక్కన కూర్చోవడం. ఆవిడ పుట్టిన పల్లెలో అల్లుడు కూర్చున్న చాప మీద అత్త కాలు కూడా పెట్టదు. రెబ్కాను ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడల్లా తల్లీకూతుళ్లు వెనక, ఆయన ముందు సీట్లోనే కూర్చున్నారు.

ఎలీసమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఆలోచించింది. వీధి చివర గుడిలో ఎవరో సాయంకాలపు గంట కొడుతున్నారు. అది ఆగేదాకా ఉండి, బుడే వైపు కాకుండా మాస్టారి వైపే తిరిగింది.

"ఎక్కించుకోనీయండి బాబూ. ఆడమనిషినో, ముసలోళ్లనో చూసి ఎక్కించుకోమనండి. వెనకాల మనిద్దరికీ బోలెడు చోటు."