చెంచాల గుత్తి

లేని తాళాన్ని తీస్తున్నాడు అతను. గుత్తిలోంచి జానెడు పొడవున్న ఇనప తాళంచెవిని ఏరి, గడియ పీకేసిన చోట చట్రంలో మిగిలిన కన్నంలో పెట్టి, ఒక చుట్టు తిప్పాడు. మిగతా చెవులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. తలుపు రాత్రంతా బార్లా తెరిచే ఉంది. లోపల మంచం మీద దర్జీ మేలుకునే ఉన్నాడు గానీ, ఆ చప్పుడు విన్నాకే లేచి కూర్చున్నాడు.

“తెల్లారిందా బావా?”

“తెల్లారకపోతే నీ అందం చూడ్డానికొచ్చానా?”

వాళ్లిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఊరి చివర పెద్దాసుపత్రిలో ఒకడు తాళం వేసేవాడు, ఇంకొకడు వేయించుకునేవాడు. అంత దగ్గరితనానికి వేరే పేరు దొరక్క బావా అని పిలుచుకున్నారు.

మీసం మొలుస్తున్న వయసులో తాళం వేసే అతను ఆ కొలువులో చేరాడు. మొలకి గుత్తి కట్టుకుని తిరిగి తిరిగి, ఒక పక్కకి ఒరిగి నడుస్తాడు. అందరికీ తాళాలాయన. అత్తవారింట్లో మాత్రం పిచ్చాసుపత్రి అల్లుడు. “మా ఆయన నిద్రలో కూడా లేచి తలుపు తోసి చూస్తాడమ్మా, నేనెక్కడ పారిపోతానో అని” అని అతని భార్య ఇరుగుపొరుగుతో నవ్వేది. నవ్వులో సగమే నవ్వు.

దర్జీకి ఒకప్పుడు జ్వరం తలకెక్కింది. నడివీధిలో, తను కుట్టిన చొక్కాలే చింపుకుంటూ తిరిగాడు. తమ్ముడు తీసుకొచ్చి చేర్పించి, నయం కాగానే వచ్చి తీసుకెళతానన్నాడు. జబ్బు నయమైంది. తమ్ముడు రాలేదు. దర్జీ జుట్టు నెరిసింది, పళ్లూడాయి. అన్నేళ్లూ పొద్దునా సాయంత్రం తప్పకుండా అతని గుమ్మానికొచ్చింది తాళమొక్కటే.

ఆ తర్వాత పైదేశాల సంస్థలూ, ఇక్కడి ప్రభుత్వమూ చేతులు కలిపాయి. మనసు చెదిరినవాళ్లు ఉండాల్సింది గోడల మధ్య కాదు, జనం మధ్య అన్నారు. మాట మంచిదే. పెద్దాసుపత్రి గేటుకి తాళం పడింది. లోపలివాళ్లు కొంతమంది ఈ వీధిలో అద్దెకు తీసుకున్న మేడలోకొచ్చారు. చూసుకోవడానికి ఒక మేడమ్, వంటకి ఒకావిడ, పాత మనిషి కదా అని తాళాలాయన. ఇంట్లో ఏ గదికీ గడియ ఉండకూడదన్నది మొదటి నియమం.

వచ్చిన కొత్తలో దర్జీ కన్ను మూయలేదు. తెరిచిన తలుపుకేసి చూస్తూ కూర్చునేవాడు. మాత్రలు పెంచారు. చేతులు వణికాయి గానీ నిద్ర రాలేదు. ఒక సాయంత్రం తాళాలాయన, అలవాటు చావక దాచుకున్న పాత గుత్తి తీసి గుమ్మం దగ్గర గలగలలాడించాడు. దర్జీ గోడవైపు తిరిగి గురకపెట్టాడు. మేడమ్ చూసీ చూడనట్టు ఊరుకుంది. అప్పట్నుంచీ అదొక పని. దర్జీ కోసమే చేస్తున్నానని తాళాలాయన చెప్పుకునేవాడు. ఆ చప్పుడు లేకపోతే తనకీ పొద్దు గూకినట్టుండదని మాత్రం ఎవరితోనూ అనలేదు.

“అన్నా, ఇవాళ పైదేశం వాళ్లొస్తున్నారు” అంది వంటావిడ టీ ఇస్తూ. “ఆ గుత్తి ఎక్కడన్నా దాచు. చూశారంటే నిన్ను కూడా ఓ మంచమెక్కిస్తారు.”

“ఎక్కించనీ అక్కా. అప్పుడన్నా నా టీలో పంచదార వేస్తావు.”

అన్నాడే గానీ, వసారాలో మేకుకి తగిలించిన గుత్తి మీద తువ్వాలు కప్పాడు.

వాళ్లొచ్చారు. నెరిసిన జుట్టున్న పొడవాటి ఆవిడ, మెడలో కెమెరా ఉన్న ఒకాయన, మాటలు అటూ ఇటూ చేరవేయడానికి దుబాసీ అమ్మాయి. పైదేశపావిడ మంచిది. కుర్చీ వేయబోతే వద్దని, దర్జీ మంచం పక్కన నేలమీదే కూర్చుంది. వణుకుతున్న అతని చేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఇక్కడెలా ఉందని అడిగించింది.

దర్జీ మేడమ్ వైపు చూశాడు. తాళాలాయన వైపు చూశాడు. చాడీ చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు.

“ఇక్కడ తాళాలు వెయ్యరండీ.”

దుబాసీ అమ్మాయి ఆ మాటని పొల్లుపోకుండా అప్పజెప్పింది. తప్పు ఆ పిల్లది కాదు. మాట అవతలి ఒడ్డుకి చేరింది, అందులోని మూలుగు ఇవతలే ఉండిపోయింది. పైదేశపావిడ కళ్లు చెమర్చాయి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ కొట్టారు. దర్జీ కూడా, ఎందుకో తెలియక, కొట్టాడు.

వెళ్తూ వెళ్తూ కెమెరా ఆయన భుజం తగిలి తువ్వాలు జారింది. గుత్తి బయటపడింది.

“పాతవండీ” అంది మేడమ్ గబగబా. “పెద్దాసుపత్రివి. గుర్తుగా ఉంచాం.”

పైదేశపావిడ మొహం వెలిగింది. వాళ్ల ఊళ్లో ఇలాంటివన్నీ పోగుచేసి జనానికి చూపించే భవనం ఒకటుందట. ఇస్తారా అని అడిగించింది.

“ఇచ్చెయ్ బాబాయ్” అంది మేడమ్.

“సాయంత్రానికి కావాలమ్మా.”

“దేనికి? ఈ ఇంట్లో తాళాలే లేవుగా.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె అతని కళ్లలోకి చూడలేదు. అతను తన చేత్తోనే గుత్తి తీసి ఇచ్చాడు. పైదేశపావిడ దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా అందుకుంది.

కార్లు వెళ్లాక మేడమ్ అతని దగ్గరికొచ్చింది. “నాకు తెలీదా బాబాయ్? వాళ్లు డబ్బివ్వడం మానేస్తే ఈ ఇల్లుండదు. అప్పుడీ ముసలాళ్లని ఎక్కడ పెట్టను?” ఆమె చెప్పింది నిజమే. నిజమైనంత మాత్రాన నిద్ర పట్టదు.

పొద్దు వాలింది. వంటింట్లో చెంచాలన్నీ ఏరి, పురికొసతో గుత్తిగా కట్టాడు. దర్జీ గుమ్మం దగ్గర నిలబడి గలగలలాడించాడు.

“బావా” అన్నాడు దర్జీ, మెల్లిగా, ఎదుటివాడు నొచ్చుకోకుండా. “అవి చెంచాలు.”

“కొత్త తాళాలు. నోర్మూసుకుని పడుకో.”

“సరేలే. వేశావుగా” అని దర్జీ గోడవైపు తిరిగాడు. గురక మాత్రం రాలేదు. తాళాలాయన ఇంకాసేపు నిలబడి, చెంచాల్ని వసారాలో మేకుకి తగిలించి ఇంటికెళ్లిపోయాడు.

తెల్లారి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి అంచుకి అంచు కలిపి మడత పెట్టి ఉంది. మేడమ్ వీధులు వెతకడానికి మనుషుల్ని పంపింది. తాళాలాయన ఎవర్నీ ఏమీ అడగకుండా, ఆ పక్కకి ఒరిగిన నడకతోనే ఊరి చివరికి నడిచాడు.

పెద్దాసుపత్రి గేటుకి వీపు ఆనించి, మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉన్నాడు దర్జీ. చొక్కా మంచుకి తడిసింది. తలకి కాస్త పైన, గొలుసుకి పెద్ద తాళం వేలాడుతోంది. తాళాలాయన ముందు ఆ తాళాన్ని లాగి చూశాడు. గట్టిగానే పడింది. ఆ తర్వాతే వంగి దర్జీ చెంప తాకాడు. ఇనుమెంత చల్లగా ఉందో అదీ అంత చల్లగానే ఉంది.

“నిద్ర బాగా పట్టిందా బావా?” అని పక్కన కూలబడ్డాడు.

ఆ పూట వంటావిడ చెంచాల కోసం వెతకలేదు. వసారాలో మేకుకి అవి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, గాలి తగిలినప్పుడల్లా చెంచాల్లాగే చప్పుడు చేస్తూ.