కార్మార్థెన్ నుంచి మా సెల్లారు దాకా

ఫిబ్రవరిలో నేను మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాను. పార్లమెంటుకు కాదు. తెనాలిలో మేముండే ఇరవై నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు ఒక సంఘం ఉంది, దాని కార్యదర్శి పదవికి. సెల్లారులో స్కూటర్ల మధ్య కుర్చీలు వేసి ఫ్లాటుకొక చెయ్యి ఎత్తమన్నారు. జమలయ్యగారికి పదమూడు లేచాయి, నాకు పది. ఒక ఫ్లాటువాళ్ళు ఊళ్ళో లేరు. పదకొండేళ్ళుగా ఆయన ఏకగ్రీవంగా గెలుస్తూ వస్తున్నారు. అందుకని నేను గెలవకపోయినా, పోటీ జరగడమే కొందరికి కష్టంగా తోచింది. "ఏకగ్రీవం పోయిందండీ, బిల్డింగు పరువు పోయింది" అని నాలుగో అంతస్తు కోటిబాబు రెండు రోజులు లిఫ్టులో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

నాకు కావలసింది పదవి కాదు, మేడ మీది తలుపు తాళంచెవి. అది కార్యదర్శి దగ్గరుంటుంది.

ఆ తాళానికి మూలకారణం నేనే. నాలుగేళ్ళ క్రితం రేపల్లె నుంచి మా అమ్మ రొయ్యలు పంపితే, మేడ మీద పాత చీర పరిచి ఎండబెట్టాను. ఆ రోజు గాలి ఎటు వీచిందో నేను గమనించలేదు. సాయంత్రానికి జమలయ్యగారి హాల్లోకి వీచిందని తర్వాత తెలిసింది. మర్నాడు తలుపుకి తాళం, బోర్డు మీద నోటీసు: "స్లాబు రక్షణ నిమిత్తం మేడ మీదికి ప్రవేశము నిషేధించడమైనది." రొయ్యల వల్ల స్లాబుకి వచ్చే ప్రమాదమేమిటో నాకిప్పటికీ అంతు పట్టలేదు. అప్పటినుంచి బిల్డింగులోని దుప్పట్లన్నీ బాల్కనీ గ్రిల్లు మీద సగమే ఆరుతున్నాయి. ఎండుమిరపకాయలు, మాగాయ ముక్కలు కుర్చీ మీద కూర్చుని ఎండ ఎటు జరిగితే అటు జరుగుతున్నాయి. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ప్రతి వేసవిలోనూ "పాపం, నువ్వు మాత్రం కావాలని చేశావా" అని ఓదార్చేవారు. అంతకంటే తిట్టడమే నయం.

ఓడిన సాయంత్రం మా ఆయన ఇమ్తియాజ్ బ్యాటరీల షాపు నుంచి త్వరగా వచ్చారు.

"పదిమంది చెయ్యెత్తారు. తక్కువేం కాదు" అన్నారు.

"అందులో ఒకటి మీది."

"నేను రెండు చేతులూ ఎత్తా. ఒకటే లెక్కేశారు."

ఆయన వెనకే కోటిబాబు భార్య ఝాన్సీ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా ఆయన అటు చెయ్యెత్తాడక్కా. పక్కనే కూర్చుని చూస్తా ఉన్నా. మోచెయ్యి పట్టుకుని కిందికి లాగుదామనుకున్నా" అంది.

కూర్చోబెట్టి టీ ఇచ్చి, కార్మార్థెన్ సంగతి చెప్పాను.

బాపట్లలో నేను ఎం.ఏ. రాజనీతిశాస్త్రం చదివినప్పుడు, ప్రాజెక్టు అంశాలు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసి మా లెక్చరరు తియ్యమన్నారు. నా పక్కనమ్మాయికి గుంటూరు వచ్చింది. నాకు బ్రిటన్లోని వేల్స్ ప్రాంతంలో కార్మార్థెన్ అనే నియోజకవర్గం ఎన్నికల చరిత్ర వచ్చింది. పెనుమూడి వంతెన దాటి కృష్ణా జిల్లాలో అడుగుపెట్టడమే నాకు విదేశయానం అయిన రోజులవి. చీటీ మారుస్తారా సార్ అంటే, "ఓటరుకి నచ్చిన అభ్యర్థి దొరుకుతాడా అమ్మా? ఉన్నదాంతో సర్దుకోవాలి" అన్నారు. సర్దుకున్నాను. ఎనభై పేజీలు రాశాను. పెళ్ళయ్యాక దాని గురించి నన్నెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇన్నాళ్ళకి ఝాన్సీ దొరికింది.

"అక్కడ వేల్స్ వాళ్ళ సొంత పార్టీ ఒకటుంది. ఎన్నేళ్ళు నిలబడ్డా పార్లమెంటుకి ఒక్క సీటూ రాలేదు. అరవై ఆరులో సిట్టింగు సభ్యురాలు చనిపోతే ఉప ఎన్నికొచ్చింది. అందులో గెలిచారు, రెండువేల నాలుగొందల చిల్లర మెజారిటీ."

"అబ్బ! తర్వాత?"

"డెబ్భైలో ఓడిపోయారు."

"ఓడిపోయారా? ఇంకెందుకక్కా నాకు చెప్పడం?"

"ఆగవే. డెబ్భై నాలుగు ఫిబ్రవరిలో మళ్ళీ ఓడిపోయారు. ఎన్ని ఓట్లతో అనుకున్నావు? మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టించారు. మూడు."

ఝాన్సీ టీ కప్పు కింద పెట్టింది. "మూడు వేలా?"

"మూడు. వన్, టూ, త్రీ. అదే సంవత్సరం అక్టోబరులో ఇంకో ఎన్నికొచ్చింది. ఎనిమిది నెలలే. ఈసారి మూడువేల ఆరొందల నలభైతో గెలిచారు."

ఎనభై మూడేళ్ళ మా అత్తగారికి మునక్కాడ ముక్క అందినప్పుడు ఉండే వెలుగు ఝాన్సీ మొహంలోకి వచ్చింది. డెబ్భై తొమ్మిదిలో వాళ్ళు మళ్ళీ ఓడిపోయిన సంగతి నేను చెప్పలేదు. ఒక్కరోజులో అంత చరిత్ర అనవసరం.

"మరి ఆ ఎనిమిది నెలలూ ఏం చేశారక్కా?"

ఆ ప్రశ్న మా లెక్చరరు కూడా అడగలేదు. "ముందు ఓటర్ల జాబితా చూసుకుని ఉంటారు" అన్నాను, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి. అన్నాక అది నాకే నచ్చింది. ఓటర్లెవరో తేల్చుకోకుండా ఎన్నిక గురించి రాయకూడదని నా ప్రాజెక్టు మొదటి పేజీలో నేనే రాశాను.

మా సంఘం నియమావళి కాపీ పుట్టినరోజు కేకు కత్తి పక్కన, వాడని సొరుగులో దొరికింది. తొమ్మిదో నిబంధన: ఓటు హక్కు, పోటీ చేసే హక్కు ఫ్లాటు ఎవరి పేరున రిజిస్టరైందో వారికి మాత్రమే. పదకొండో నిబంధన: మూడోవంతు యజమానులు సంతకాలు చేస్తే ప్రత్యేక సమావేశం పెట్టి కార్యదర్శిని మళ్ళీ ఎన్నుకోవచ్చు.

మా ఫ్లాటు నా పేరునుంది. షాపుకి ఏమైనా అయితే ఇల్లయినా మిగలాలని ఇమ్తియాజ్ రాయించారు. ఝాన్సీ వాళ్ళది ఝాన్సీ పేరునుంది, పేరుబలం కుదిరిందని. రెండో అంతస్తు చందన ఫ్లాటు వాళ్ళ పుట్టింటివాళ్ళు కొనిచ్చారు. మున్సిపాలిటీకి వెళ్ళి ఇంటిపన్ను లెక్కలు చూస్తే, ఇరవై నాలుగింటిలో పదిహేను ఆడవాళ్ళవే. పదకొండేళ్ళుగా సెల్లారులో లేచిన చేతుల్లో సగానికి పైగా వాటికి ఓటే లేదు.

సంతకాలకి తిరిగితే అందరూ ఒకటే మాట. "మా ఆయన్ని అడిగి పెడతా."

"తప్పకుండా అడగండి. ముందొకసారి ఇంటిపన్ను రసీదు మీద పేరెవరిదో చూడండి" అనేదాన్ని.

ఎనిమిది సంతకాలు కావాలి. పన్నెండు వచ్చాయి. అర్జీ తీసుకుని జమలయ్యగారింటికి వెళ్ళాను. ఆయన రిటైరైన ప్రభుత్వోద్యోగి, కాగితానికి విలువిచ్చే మనిషి. రెండుసార్లు చదివారు.

"రూలు రూలేనమ్మా. ఓనర్లే ఓటెయ్యాలి. నేను కాదన్నానా?"

"అదేనండి బాబాయిగారూ. ఈ ఫ్లాటు పిన్నిగారి పేరున ఉందట కదండీ."

"ఎవరు చెప్పారు?"

"మున్సిపాలిటీ వాళ్ళండి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. జమలయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకునేలోగా ఉపాయం తట్టినట్టుంది.

"అయితే మా ఆవిడ నిలబడుద్ది. పని ఎటూ నేనే చూసుకుంటా."

పేరు భార్యది, కుర్చీ భర్తది. మన పంచాయతీల్లో ఎన్నిసార్లు చూడలేదు! కానీ నేను భయపడింది మాత్రం అందుక్కాదు. మాణిక్యమ్మ పిన్ని అంటే బిల్డింగులో అందరికీ ప్రాణం. ఎవరికి జ్వరమొచ్చినా మొదట చారు పట్టుకొచ్చేది ఆవిడే. జమలయ్యగారి మీద గెలవచ్చు. ఆవిడ మీద గెలవడమెట్లా? ఓడితే ఆ తాళం ఇంకెన్నేళ్ళో.

"నేను కూడా పిన్నికే వేస్తానేమో" అన్నాను ఇంటికొచ్చి.

"నీ ఓటు నీకెయ్యకపోతే నేనే రిగ్గింగు చేస్తా" అన్నారు ఇమ్తియాజ్.

అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున పదింటికి పోలింగు. చేతులెత్తడం వద్దు, చీటీలు కావాలని పట్టుబట్టాను. నిర్వహణ మూడో అంతస్తు ఎబినేజర్ మాస్టారిది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్నో ఎన్నికల డ్యూటీలు చేసిన మనిషి. మా ఇంటి బియ్యం డబ్బా తీసుకుని, బోర్లించి, తట్టి, "డబ్బా ఖాళీగా ఉన్నట్టు ఏజెంట్లు గమనించాలి" అన్నారు. ఏజెంట్లెవరూ లేరు. అయినా గమనించాం. మూతకి గమ్‌టేపు వేసి చీలిక పెట్టారు. వేలికి సిరా గుర్తు కోసం మార్కరు పెన్ను కూడా తెచ్చారు. యజమానులు కాని భర్తలందరినీ గేటు దగ్గరికి పంపేశారు.

"నేను కూడానా మాస్టారూ? మాజీ కార్యదర్శిని" అన్నారు జమలయ్యగారు.

"పోలింగు కేంద్రానికి వంద మీటర్లండీ. మీకని గేటు దాకా తగ్గించాను."

అభ్యర్థులు రెండేసి నిమిషాలు మాట్లాడాలన్నారు. నేను మేడ తెరిపిస్తానని, రొయ్యలు మాత్రం ఎండబెట్టనని చెప్పి కూర్చున్నాను. మాణిక్యమ్మ పిన్ని లేచింది. చేతిలో జమలయ్యగారు గుండ్రటి దస్తూరీతో రాసిచ్చిన కాగితం. గేటు దగ్గర నుంచి ఆయన మెడ సాచి చూస్తున్నారు.

"ఇది ఆయన రాశారు. కళ్ళజోడు పైన మర్చిపోయా" అంది పిన్ని. కాగితం మడతపెట్టి బొడ్లో దోపుకుంది. "నాకు తెలిసింది చెప్తానమ్మా. ఆ తాళంచెవి మా బీరువాలో ఉంటది. బీరువా తాళం ఆయన మొలతాడుకుంటది. నాలుగేళ్ళబట్టి నా అప్పడాలు కూడా బాల్కనీలోనే ఎండుతున్నాయి. నన్నడిగితే నేనూ తియ్యలేను. నాకెయ్యమాకండి."

ఎవరో ఫక్కుమన్నారు. ఝాన్సీ అనుకుంటా. ఇక ఎవరి నవ్వూ ఆగలేదు. పిన్ని ఏమన్నదో గేటు దాకా వినపడక జమలయ్యగారు "బాగా చెప్పిందా?" అని కోటిబాబుని అడుగుతున్నారు.

మధ్యాహ్నంలోపే లెక్క. మాస్టారు ఒక్కో చీటీ విప్పి, అందరికీ చూపించి, గోడ మీద సుద్దతో గీతలు గీశారు. పోలైనవి ఇరవై మూడు. మాణిక్యమ్మకి మూడు, ఫిర్దోస్‌కి, అంటే నాకు, ఇరవై. పదిహేడు మెజారిటీ! ఝాన్సీ నన్ను వాటేసుకుని స్కూటర్ల మీద పడేసినంత పని చేసింది. చందన ఫోనులో బ్యాండు మోగించింది. గేటు తీశాక ఇమ్తియాజ్ మెడలో వేయడానికి దండ తెచ్చారు. ఓడిపోతే అదెవరికి వేసేవారని అడిగితే, పిన్నికని చెప్పారు. వ్యాపారస్థుడు.

ఓడిన అభ్యర్థి కుర్చీలో కూర్చుని హాయిగా నవ్వుతోంది. ఓడినవారి భర్త మాత్రం గోడ మీది మూడు గీతల్నీ చూస్తూ నిలబడ్డారు.

"ఆ మూడూ ఎవరివి?" అన్నారు.

"నాది మాత్రం కాదు" అంది పిన్ని.

జమలయ్యగారు ఆవిడ వంక చూశారు. తర్వాత, ఎందుకో ఆయనకీ నవ్వొచ్చింది. పైకి వెళ్ళి తాళంచెవి, రిజిస్టరు తెచ్చి నా చేత సంతకం పెట్టించుకున్నారు. "వానాకాలం నీళ్ళు నిలవకుండా గొట్టాలు చూసుకో అమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటా నిజంగా స్లాబు మీద ప్రేమతోనే అన్నారనిపించింది.

అందరం ఒకేసారి మేడ ఎక్కాం. తాళం మొరాయిస్తే కొబ్బరినూనె పోసి తిప్పాల్సొచ్చింది. తలుపు తెరవగానే ఎండ మొహాన కొట్టింది. ఇంతమందిమి నాలుగేళ్ళుగా ఎదురుచూసిన చోటులో రెండు పాత కుండీలు, ఒక తెగిన గాలిపటం తప్ప ఏమీ లేవు. అవతల రేపల్లె లైను మీద రైలు పోతోంది. ఇంకా అవతల చేలు పచ్చగా. ఆరబెట్టడానికి ఎవరూ ఏమీ తేలేదు. ఊరికే తిరిగాం. పిన్ని చెప్పులు విడిచి, వేడి స్లాబు మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వచ్చింది.

ఝాన్సీ పిట్టగోడ మీద మోచేతులు ఆన్చి అడిగింది. "అక్కా, మళ్ళీ ఎన్నికలు ఫిబ్రవరిలోనే కదా?"

"అవును."

"నేను నిలబడతా. నీ మీద."

ఎక్కడి నుంచి వచ్చిందో అంత ధైర్యం! గెలిచి గంట కాలేదు, అప్పుడే ప్రతిపక్షం. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

"నిలబడు. ముందు మీ ఆయన్ని గేటు దగ్గర నిలబడ్డం అలవాటు చేసుకోమను" అన్నాను.