మీటకు బిగించిన శోకము

వైశాఖమాస మధ్యాహ్నమార్తాండుఁడు విశాఖపట్టణ సాగరతీరమందలి యిసుకను కాల్చిన పెనమువలె మండించుచుండఁగా గట్టునఁ బఱచిన వలలపై నెండుచున్న నెత్తళ్ళను చిఱుచేఁపల గంధము ఉప్పుటావిరితోఁ గలసి నగరవీథులఁ జొచ్చి మేడలనక గుడిసెలనక ప్రతిగృహద్వారమును సమానముగాఁ దట్టుచుండెను. పథికులు చేతిరుమాళ్ళతో నాసికలను గప్పికొని వడివడిగాఁ బోవుచుండిరి. ఆ జనసమ్మర్దమున ముక్కు మూసికొనక నడచుచున్న స్త్రీ యొకతె యుండెను. ఆమె పేరు ద్విభాష్యము చూడామణి.

ముప్పదియేండ్లుగా నృత్యరూపకములకును నాటకములకును నేపథ్యసంగీతమును సమకూర్చుచు వచ్చిన యీ యేఁబదిరెండేండ్ల విదుషి త్రినాథుఁడను శబ్దశిల్పితోఁ గూడి యొక స్టూడియోను నెలకొల్ప నిశ్చయించియుండెను. స్థలము కుదిరెను. పేరును కుదిరెను. వాద్యముల విషయమున మాత్రము వారిరువురి మతము లుత్తరదక్షిణధ్రువములై నిలిచెను. మరలు త్రిప్పి మీటలు నొక్కి చేతులార నాదమును మలఁచుకొనఁదగిన సింథసైజరులే కావలెనని యామె పట్టు. ఆ యినుపపెట్టెల కాలము చెల్లినదనియు నొక్క కంప్యూటరున నిమిడెడి సాఫ్ట్‌వేరున లోకమందలి సకలవాద్యములును గలవనియు నాతని వాదము. తన పరికరమును వినిపించెదననియు విన్న పిమ్మట నామె మాటయే తుదిమాటయనియు నాతఁ డొప్పుకొనఁగా నామె యా యపరాహ్ణమున వాని గదికిఁ బోయెను.

త్రినాథుఁడు మిరపకాయబజ్జీలు తినుచుఁ గూర్చుండి యామెను జూచి సంభ్రమమున లేచి కుర్చీ నిచ్చెను. పిదప నొకచేత బజ్జీయు నొకచేత కంప్యూటరునకుఁ దగిలించిన మీటలునుగా వాని వినోదప్రదర్శనము మొదలయ్యెను. నూఱు వయొలినులు మ్రోఁగెను. వెదురుపొదలఁ దూఱిన గాలివలె వేణువు నిట్టూర్చెను. వానచినుకులు రేకులపైఁ గురిసెను. ఆ మాధుర్యమునకుఁ జూడామణి మనస్సు తన పట్టును మెల్లమెల్లగ సడలించుకొనసాగెను. ఆమె యబద్ధమాడెడిది కాదు గనుక "బాగుంది త్రినాథా, నిజంగా బాగుంది" అని యొప్పుకొనెను.

"అప్పుడే ఏమైందక్కా! అసలుది ఇప్పుడు వినండి. ఇలాంటిది ఇంకెవ్వరి దగ్గరా లేదు" అని యాతఁడు నూనె యంటిన వ్రేలిని చొక్కాకు రాచియు రాయక యొక మీటను నొక్కెను.

ఒక వృద్ధస్త్రీ రోదనము గది నిండ నెగసెను. పేగులను మెలిపెట్టి పైకిఁ దెచ్చినట్టి యా శోకము వ్రేలు మీటపై నున్నంతవఱకు నుండి వ్రేలు తీసినంతనే తెగెను. త్రినాథుఁడు పైమీట నొక్కఁగా నది పిల్లికూన యఱపయ్యెను. క్రిందిమీట నొక్కఁగా దున్నపోతు ఱంకె యయ్యెను. పిమ్మట మూఁడుమీట లొక్కమాఱు నొక్కి మువ్వురు ముసలమ్మలచేత శ్రుతిశుద్ధముగా నేడిపించి యాతఁడు మెప్పునకై యామె మొగముఁ జూచెను.

ఆమె మొగము పాలిపోయియుండెను. గతసంవత్సరము తుపానునఁ బడవ మునిఁగి గంగచెల్లెమ్మపాలెమునఁ బల్లెకారులు మువ్వురు మరణింపఁగా నా దుర్ఘటనమును గూర్చిన రూపకమునకై వారిరువురును నా పల్లెకుఁ బోయియుండిరి. కొడుకును గోలుపోయిన మైలపల్లి పోలమ్మ యిసుకపైఁ బొరలి యేడ్చుచుండఁగాఁ జూడామణి యామె చేయి పట్టుకొని కూర్చుండెను. త్రినాథుఁడు ప్రక్కనే రికార్డరును బట్టుకొని నిలిచెను. ఈ యేడుపు మీ దుఃఖమును లోకమునకుఁ జెప్పుటకే కాని మఱి దేనికిని వాడమని యా ముదుసలికి మాట యిచ్చినది చూడామణియే.

"ఇది పోలమ్మ గొంతు కదూ?"

"ఇట్టే పట్టేశారే! శుభ్రం చేసి శ్రుతిలో కూర్చోబెట్టడానికి రెండు నెలలు పట్టిందక్కా."

"ఆవిణ్ని అడిగావా?"

"ఏడుపుకి కూడా అడగడమేమిటక్కా? ఎవరైనా ఏడుపు రిజిస్ట్రీ చేయించుకుంటారా? పోయిన నెల శబ్దాలు అమ్మే ఒక కంపెనీవాళ్ళు కొనుక్కున్నారు. ఈపాటికి ఏయే దేశాల్లో వాయిస్తున్నారో!"

ఆ మీటపై మెఱయుచున్న నూనెమరక నామె చూచెను. పుత్రశోకముపైఁ బడిన బజ్జీనూనె! ఎండఁబెట్టిన చేఁపల కంపును నిర్వికారముగ సహించి వచ్చిన యామె యా శీతలసుగంధభరితమైన గదిలో ముక్కు మూసికొనెను. అంతకంటె నధికముగ నామెకుఁ దనపైననే రోఁత పుట్టెను. తన యింట నున్న పాత సింథసైజరునను మానవకంఠముతోఁ బలుకు మీట యొకటి కలదు. దానిని నొక్కి యెన్ని రంగస్థలములపై నెందఱ కన్నుల నీరు దెప్పించెనో! ఆ కంఠ మెవ్వరిదని యొక్కనాఁడైన నడుగలేదు. పోలమ్మకు మాట యిచ్చిన తరువాత నా పల్లెవైపు తిరిగియుఁ జూడలేదు.

త్రినాథుఁడు బజ్జీలను ప్రక్కకుఁ ద్రోసి నెమ్మదిగాఁ బలికెను. "యంత్రం ఏం చేసిందక్కా? ఎవరి గొంతూ లేకుండా వట్టి లెక్కలతో శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేరూ ఉంది. ఎవరివో గొంతులు దాచుకున్న ఇనుపపెట్టెలూ ఉన్నాయి."

"నిజమే. నాకు రోత పుట్టింది యంత్రం మీద కాదు. అది పట్టుకుని నాతో రా. ఆవిడకి వినిపించాలి."

వాఁడు వెనుకాడెను కాని యామె చూపునకు నిలువలేక ల్యాప్‌టాప్‌ను మీటలపెట్టెను సంచిలో నిడుకొని వెంట నడచెను. గంగచెల్లెమ్మపాలెమున నాటో దిగినది మొదలు వాఁడు రుమాలుతో ముక్కు మూసికొనియే యుండెను.

పోలమ్మ పఱచిన వలయొద్దఁ గూర్చుండి యెండుచేఁపలను దిరుగవేయుచుండెను. చూడామణి యిసుకపైఁ జతికిలఁబడి తాను మాట తప్పితినని మొదటనే చెప్పి త్రినాథునిచేత మీట నొక్కించెను.

"ఎవులిదమ్మా ఈ యేడుపు?" అని పోలమ్మ యడిగెను. మఱల నొక్కఁగాఁ జేతులు చీరకుఁ దుడిచికొని చెవి యొగ్గెను. "నాదేనేటి?"

"నీదే పెద్దమ్మా. నిన్నడక్కుండా పెట్టెలో పెట్టాం. ఊళ్ళవాళ్ళకి అమ్మేశాం. తప్పు నాది కూడా."

ముదుసలి కోపింపలేదు. ఇంకొకమాఱు వినిపింపుమని చేయి సైగ చేసెను. విని కనుబొమలు ముడిచెను.

"నాను ఊరికినే ఏడవనేదమ్మా. మా నూకరాజుని పిలిసినాను. నా బాబు నూకరాజూ అని పిలిసినాను. ఆడి పేరేది ఇందల?"

త్రినాథుఁడు రుమాలు దింపెను. "పేరు శ్రుతికి అడ్డొచ్చిందమ్మా. అందుకని... తీసేశాను."

"అడ్డొచ్చీసినాడా?" అని పోలమ్మ వానివైపు తిరిగెను. "సచ్చినోడు నీకేటి అడ్డొచ్చినాడు బాబూ? ఆడి పేరు నేకపోతే అది నా ఏడుపు కాదు. కుక్కేడుపు. తీసికెళిపో."

అని యామె మఱల చేఁపలను దిరుగవేయసాగెను.

త్రినాథుఁ డాదినముననే చూడామణి యెదుట తన కంప్యూటరునుండి యా శోకమును చెఱిపివైచి కంపెనీకి లేఖ వ్రాసెను. ఒకమాఱు కొన్నవారి యొద్దనుండి దేనినిఁ దిరిగి రప్పింపలేమని వారు మర్యాదగాఁ బ్రత్యుత్తర మిచ్చిరి. స్టూడియో తలపెట్టిన యా కూటమి మాత్రము విచ్ఛిన్నమయ్యెను. చూడామణి యెవ్వరి కంఠమును దాఁచుకొనక విద్యుత్ప్రవాహమునుండియే నాదముఁ బుట్టించు సింథసైజరు నొకదానిని దెచ్చుకొనెను. అది తన్నుఁ బవిత్రురాలిని జేసినదని యామె యెన్నఁడును దలఁపలేదు. దానిని వాయించునపుడు కంఠ మెవ్వరిదని తన్నుఁ దానడుగ నక్కఱ లేకుండుట కొఱకే దానిని గొనెను.

ఆషాఢమున నొకనాఁటి యుదయమున నామె ఫలాహారశాలలో నిడ్డెనలు తినుచుండెను. గోడపై టీవీలో హాస్యఘట్టమేదో నడచుచుండెను. భార్య గరిటె యెత్తఁగా భర్త నోరు తెఱచెను. ఆ నోటినుండి పోలమ్మ శోకము పిల్లికూన శ్రుతిలో వెలువడెను. కూర్చున్నవారెల్ల గొల్లున నవ్విరి. భర్త మఱల నోరు తెఱచెను. మఱల నా యేడుపే. మఱల నా నవ్వే.

చూడామణి నోటఁ బెట్టిన ముద్దను విస్తరిలో నుమిసెను. మూఁడవమాఱు శోకము లేచి తెగినంతనే యామె తనకుఁ దెలియకయే గట్టిగా ననెను. "నూకరాజూ!"

నవ్వుచున్నవారిలో నొక్కఁడును వెనుదిరిగి చూడలేదు. వడ్డించువాఁడు మాత్రము తన్నుఁ బిలిచినదేమో యనుకొని భుజముపైఁ దువాలు సవరించుకొనుచు దగ్గఱకు వచ్చి వినయముగ నడిగెను.

"ఏం కావాలమ్మా?"