ఆపే మీట

బరువు సంగతి తేలిపోయింది గనక ఇక మిగిలింది శబ్దమే, కానీ శబ్దం విని రిమోట్ విమానానికి ఇంజన్ కొనే పిచ్చివాడు ఎక్కడైనా ఉంటాడా, ఉంటే అది తనే అయ్యుంటాడు, అనుకుంటూ అతను వదిన ఇంటి మెట్లెక్కాడు. సంచిలో సీసపు దిమ్మలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. పోయిన వారం వాటిని గుడ్డలో మూటగట్టి విమానం ముక్కుకు వేలాడదీశాడు. ఒక రెక్క కింద తనూ, ఇంకో రెక్క కింద వదినా వేళ్లు పెట్టి ఎత్తారు. రెండు కిలోలకు కాస్త తక్కువ దగ్గర అది తలా తోకా సమంగా నిలిచింది. అంటే ఇంజన్ ఆ బరువే ఉండాలి. ఎక్కువైతే ముక్కు వాలుతుంది. తక్కువైతే తోక వాలుతుంది. తోక వాలిన విమానం గాల్లోకి లేస్తుంది గానీ కింద నిలబడి రిమోట్ పట్టుకున్నవాడి మాట వినదు.

ఆ బరువులో మూడు పెట్రోల్ ఇంజన్లు దొరుకుతున్నాయి. మొదటిది ఒంటి సిలిండరుది: మొరటుది, చవకది. రెండోది జంట సిలిండర్లది: ఒకటి కుదిపితే రెండోది సర్దుతుంది గనక అదురు తక్కువ. మూడోది మళ్లీ ఒంటి సిలిండరే, కానీ పెద్ద విమానాల తరహాలో నింపాదిగా మోగుతుంది. బుద్ధి ఉన్న ఎవరైనా జంట సిలిండర్లది కొంటారు. అన్నయ్య వాడిన ప్లైవుడ్ పల్చనిది, అదురుకు అతుకులు వదిలేస్తాయి. అతను ఎప్పుడో నిర్ణయించేసుకున్నాడు. ఒప్పుకోనిది వదినే.

అన్నయ్య ఆ విమానాన్ని ముందుగదిలో ఏళ్ల తరబడి కట్టాడు. రెక్కల చివరినుంచి చివరికి గది చాలక, సోఫాని వంటింట్లోకి నెట్టాడు. రెక్కల మీద ఎర్ర ప్లాస్టిక్ ఫిల్మ్‌ని ఇస్త్రీపెట్టెతో ముడత లేకుండా అతికించింది వదిన. మీ అన్నయ్య చొక్కాలకు నా చేతిలో ఎప్పుడూ ఇంత మర్యాద దక్కలేదు, అని నవ్వేది. అంతా అయింది, ఇంజన్ ఒక్కటే మిగిలింది అనగా పోయిన చలికాలంలో అన్నయ్య కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఏ ఇంజన్ అనుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. దాన్ని బిగించాల్సిన ముందు పలకకు ఒక్క బెజ్జం కూడా లేదు.

ఆ తరువాత కొన్నాళ్లకు వదిన ఫోన్ చేసింది. గొంతులో నిష్ఠూరం.

"చిన్నా, ఇంజన్ ఎప్పుడు బిగించావు? ముందుగదిలో మోగుతోంది, నాకొక మాట చెప్పొద్దూ?"

బిగించలేదని అతను అన్నాడు. ఆమె లేచి వెళ్లి చూసొచ్చినట్టుంది. అదీ నిజమేలే, ముందువైపు చూస్తే ఖాళీగానే ఉంది, అని మామూలుగా అనేసి, పిల్లల జ్వరం తగ్గిందా అని అడిగింది.

అతని ఉద్యోగం మనుషుల చెవులతోనే. వినికిడి పరీక్షలు చేస్తాడు. స్పాంజి గోడల గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి మీట ఇస్తాడు. శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. నొక్కితే ఇవతల బల్ల మీద దీపం వెలుగుతుంది. ఏ శబ్దమూ పంపకపోయినా నొక్కేవాళ్లు కొందరుంటారు. వాళ్లు అబద్ధాలకోరులు కారు. మరీ ఎదురుచూసే చెవి తనకు కావలసింది తనే తయారుచేసుకుంటుంది. వదినది అదే అని అతను భార్యకు వివరించాడు. ఆవిడ అంతా విని, ఆ విమానాన్ని ముందు ఆ ఇంట్లోంచి తీసుకొచ్చెయ్, ఆ మనిషి చిక్కి సగమైపోయింది, అంది.

నిజంగానే సగమైంది. ఇవాళ తలుపు తీసినప్పుడు అతనికి ముందు తెలిసింది ఇంట్లోని నిశ్శబ్దం. గోడ గడియారం ఆగి ఉంది. ఫ్యాన్ తిరగడం లేదు. మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిస్తే లోపల దీపం వెలగలేదు. పాలు విరిగి వాసన కొట్టాయి. ఫ్రిజ్ గుర్రుమంటుంటే అది సరిగ్గా వినపడటం లేదని ఆపేశానంది వదిన, పప్పులో ఉప్పు తగ్గిందన్నంత తేలికగా. ఆమె కుర్చీ ముందుగది గుమ్మంలో ఉంది. కుర్చీ కాళ్ల దగ్గర తిని వదిలేసిన కంచం. గదిలో విమానం ఎర్ర రెక్కలు ఈ గోడనుంచి ఆ గోడదాకా చాచుకుని, ఇంజన్ ఉండాల్సిన చోట నల్లటి నోరు తెరుచుకుని ఉంది.

విమానాన్ని తీసుకెళ్తానని అతను మెల్లగా కదిపి చూశాడు.

"తీసుకెళ్లు, నేను వద్దన్నానా? దాని ఇంజన్ పెట్టి ఎగరెయ్, దాంతోపాటే పోతుంది. దానిది కానిది పెట్టావా, ఇది ఇక్కడే ఉండిపోతుంది. నేను ఇలాగే కూర్చోవాలి."

ఏది ఉండిపోతుందని అతను అడగలేదు. అడగకపోవడానికి తనకే నచ్చని కారణం ఒకటుంది. వదిన మీద అతనికి జాలితో పాటు అసూయ కూడా ఉంది. అన్నయ్య పోయినప్పటినుంచి అతనికి అన్నయ్య మొహం గుర్తొస్తుంది, పెదవులు కదలడం గుర్తొస్తుంది, గొంతు మాత్రం రాదు. ఎంత గుర్తు చేసుకున్నా రాదు. ఊళ్లో వాళ్లందరి చెవులూ పరీక్షించే మనిషికి, తోడబుట్టినవాడి గొంతే లేకుండా పోయింది. పెళ్లయి వచ్చిన మనిషికి వినిపిస్తోంది, తనకు లేదు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఇంజన్ల షాపుకు వెళ్లారు. షాపాయన అతన్ని చెవుల డాక్టరుగారని పిలుస్తాడు. కాదని చెప్పీ చెప్పీ అతను మానేశాడు. వెనక పెరట్లో ఇనప బల్లకు మూడు ఇంజన్లూ వరసగా బిగించి, ప్రొపెల్లర్లు తగిలించి ఉంచాడు. చోక్ మూసి, చేత్తో ప్రొపెల్లర్‌ని తిప్పబోతూ ఆగి, ముందు పక్కనున్న చిన్న మీట చూపించాడు.

"ఎలా స్టార్టవుతుందని అందరూ అడుగుతారు సార్. ఎలా ఆగుతుందని అడిగినవాడే నాలుగు కాలాలు ఎగరేస్తాడు. పెట్రోలు ఇంజన్ దానంతటది ఆగదు. ఈ మీట నొక్కేవాడు ఒకడుండాలి."

ఒక్కొక్కటే మోగించాడు. మొదటిది మీద పడి కరిచేలా అరిచింది. రెండోది బిగుతుగా, నున్నగా మోగింది. మూడోదానికి అతనికే ఒళ్లు పులకరించింది. మూడుసార్లూ వదిన తల అడ్డంగా ఊపింది. మరి ఎలా ఉంటుందమ్మా అని షాపాయన అడిగితే, కళ్లు మూసుకుని చెప్పింది: ఇంత పెద్దది కాదు, దగ్గరగా ఉంటుంది, నడుమ నడుమ ఒక్క క్షణం తెగిపోతుంది, ఆగిపోయిందనుకునే లోపల మళ్లీ అందుకుంటుంది. కార్బురేటర్ పాడైతే అలా చేస్తుందనీ, అలాంటిది తన శత్రువుకైనా అమ్మననీ, ఎందుకంటే శత్రువే ముందు వాపసు తెస్తాడనీ ఆయన నవ్వాడు. వదిన కూడా నవ్వింది. చాన్నాళ్లకు నవ్వింది. అది చూసి అతను ఇవాళే ఈ వ్యవహారం తేల్చెయ్యాలనుకున్నాడు.

మూడు శబ్దాలూ రికార్డు చేసుకుని, సెలవురోజు గనక ఖాళీగా ఉన్న తన ఆఫీసుకు ఆమెను తీసుకెళ్లాడు. ఆమెను లోపల కూర్చోబెట్టి, తను ఇవతల బల్ల ముందు కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా మందపాటి అద్దం. మూడు శబ్దాల హెచ్చుతగ్గులు సమానం చేశాడు. పరీక్షలో ఎప్పుడూ చేసినట్టే, వాటి తరువాత నాలుగోదిగా ఏమీ లేనిదొకటి పెట్టాడు. అదే నిడివి, ఖాళీ. నీకు ఇంట్లో వినపడేది వచ్చినప్పుడు, వినపడినంతసేపూ నొక్కిపట్టుకో, అని చెప్పాడు.

మొదటిదానికి దీపం వెలగలేదు. రెండోదానికీ లేదు. మూడోదానికీ లేదు. నాలుగోది, ఖాళీది, మొదలయింది.

దీపం వెలిగింది.

వెలిగి, కాసేపు నిలిచి, రెప్పపాటు ఆరి, మళ్లీ వెలిగింది. కాసేపు నిలిచింది. ఆరింది. వెలిగింది. అతను తన మణికట్టు నాడి పట్టుకుని లెక్కపెట్టి చూశాడు. ఆ వరస ఎక్కడా తప్పడం లేదు. ఊరికే నొక్కేవాళ్లను అతను ఎందరినో చూశాడు. వాళ్ల నొక్కుళ్లకు ఒక లెక్క ఉండదు. ఇది లెక్కగా ఉంది. వైర్లు చూశాడు, బల్ల మీద శబ్దం కొలిచే ముల్లు చూశాడు. ముల్లు సున్నా దగ్గర కదలకుండా పడుంది.

వదిన బయటికి వచ్చి, నాలుగోదే, అదే కొనమంది. నాలుగోది అసలు ఇంజనే కాదని, ఏమీ లేదని అతను చెప్పాడు. ఆమె వాదించలేదు.

"నువ్వు వినలేదుగా మరి. వెళ్లి కూర్చో. నేను తిప్పుతాను."

ఏ మీటలు తిప్పాలో చూపించి అతను లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకోగానే చెవుల్లో దూది కూరినట్టయింది. ఇన్నేళ్లలో ఆ కుర్చీలో అతను ఒక్కసారి కూడా కూర్చోలేదు. హెడ్‌ఫోన్ ఇంకా ఆమె చెవుల వెచ్చదనంతో ఉంది. అతని ఉద్దేశం స్పష్టంగా ఉంది: రెండోది మోగగానే నొక్కాలి. నాకూ ఇదే వినిపించింది వదినా, ఇదే అన్నయ్యది, అనాలి. చిన్న అబద్ధం. రేపు జంట సిలిండర్లది కొని బిగించి, విమానాన్ని ఆ ఇంట్లోంచి తెచ్చెయ్యాలి.

మొదటిది మోగింది. రెండోది మోగింది. అద్దం అవతల వదిన అతన్నే చూస్తోంది. బొటనవేలు మీట మీదే ఉంది. కదలలేదు. ఎందుకు కదలలేదో ఆలోచించేలోగా మూడోది కూడా వచ్చి వెళ్లిపోయింది.

తరువాత ఖాళీ.

మొదట తన రక్తం చప్పుడు. అది మామూలే, ఆ గదిలో అందరికీ వినపడేదే. దాని వెనక ఇంకేదో సన్నగా ఉంది. అతను ఊపిరి బిగబట్టాడు. రక్తం చప్పుడు అలాగే ఉంది, రెండోది దగ్గరయింది. గరగరమని, తడిగా. ఇనుముది కాదు. పెదవులది. రెండు పెదవులూ కలిపి ఊదితే వచ్చే చప్పుడు. సాగి, సాగి, టక్కున తెగింది. తెగిన చోట ముక్కుతో గాలి పీల్చుకోవడం వినిపించింది. మళ్లీ అందుకుంది.

చిన్నప్పుడు బోర్లించిన బల్ల వాళ్ల విమానం. ముందు కూర్చుని తను నడిపేవాడు. వెనక కూర్చుని అన్నయ్య ఇంజన్ అయ్యేవాడు. ఇంజన్ మాట్లాడదు, ఇంజన్ దానంతటది ఆగదు. అవి అన్నయ్య పెట్టిన నియమాలు. ఆపే మీట అన్నయ్య మోచేతి మీది ఎముక. దాన్ని తను నొక్కితేనే ఆగాలి. ఒకరోజు తను బల్ల మీదినుంచి దూకి, మీట సంగతి మరిచిపోయి, పక్కింటి పిల్లలతో ఆడుకోవడానికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది. అన్నయ్య ఆ బల్ల వెనకే కూర్చుని ఉన్నాడు. పెదవులు వాచి, కళ్లల్లో నీళ్లు తిరుగుతూ, ఇంకా మోగుతూనే ఉన్నాడు. తనను చూసి, మోచెయ్యి కాస్త ఇటు జరిపాడు.

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. వదినకు తెలిసే దారి లేదు.

ఇంజన్ ఏదైతేనేం, జంట సిలిండర్లదే బిగించొచ్చు. ముందు ఇది ఆగాలి. చలికాలంనుంచి అన్నయ్య మోగుతూనే ఉన్నాడు, ఒక్కడే, ఆ ముందుగదిలో. వదిన వింటూ కూర్చుంది. ఆపడం ఆమె చేతిలో లేదు, ఆ మీట ఎప్పుడూ ఆమెది కాదు. ఇంకొక్క నిమిషం వినాలని అతనికి ఆశ పుట్టింది. గొంతు దొరికింది, ఇంత దగ్గరగా, తడి కూడా తెలుస్తోంది. ఆపితే మళ్లీ దొరకదేమో. చప్పుడు తెగింది. పీల్చుకున్న గాలి ఈసారి వణికింది. ఎంతో అలిసిన గాలి. మళ్లీ అందుకుంది.

అద్దం అవతల వదిన రెండు చేతులూ బల్ల మీద ఆనించి, వెలగని దీపం వైపు చూస్తోంది.

అతను బొటనవేలు మీట మీద మెత్తగా ఆనించాడు, మోచేతి ఎముక మీద ఆనించినట్టు. నొక్కాడు.