కోటు వేసుకుని కిటికీలో

మా మిన్నెసోటా ఊరి నిబంధనల ప్రకారం ఇంటికింది నేలమాళిగలో టీవీ చూడవచ్చు, పేకాడవచ్చు, నిద్ర మాత్రం పోకూడదు. పడకగది అనిపించుకోవాలంటే, మంటలొస్తే బయటపడటానికి అక్కడొక కిటికీ ఉండాలి. టీవీ ముందు కునుకు తీసేవాడు కాలిపోతే అధికారులకు అభ్యంతరం లేదు.

నా భార్య మార్లిస్ పోయిన రెండేళ్లకు ఆమె అన్న ఎల్డన్ పొలం అమ్మేసి నా దగ్గరికి వచ్చేశాడు. నా ఇంట్లో పైన ఒక్కటే పడకగది. కిందిగదికి శుక్రవారంలోగా తనిఖీ ముద్ర పడకపోతే సోమవారం వృద్ధాశ్రమానికి తీసుకుపోతానని అతని కూతురు తేల్చి చెప్పింది. అక్టోబరంతా ఇద్దరం కిటికీ కోసం ఇంటి బయట గోడవెంట గొయ్యి తవ్వాం. పనివాళ్లు కాంక్రీటు కోసి కిటికీ బిగించారు.

శుక్రవారం తనిఖీకి వచ్చిన డారిల్ ఒకప్పుడు నా దగ్గర రేఖాగణితం చదివినవాడే. వెడల్పు కొలిచాడు, ఎత్తు కొలిచాడు.

"సరిపోయాయి మాస్టారూ," అంటూ గొయ్యి చూడటానికి బయటికి వెళ్లాడు.

"కొలతలదేముంది, దూరి చూపిస్తా," అని ఎల్డన్ కొక్కేనికున్న ఈకలు కూరిన చలికోటు తీసి మెడదాకా జిప్పు లాగాడు.

"కోటెందుకు బావా?"

"నవంబరయ్యా. ఇల్లు కాలుతోందని జలుబు తెచ్చుకోమంటావా?"

సగం దూరి ఆగిపోయాడు. తల గోతిలో, బూట్లు నా చేతుల్లో.

"లాగమంటారా?" పైనుంచి డారిల్ అడిగాడు.

"వద్దు నాయనా. బానే ఉంది."

మా వైపు మొదటిసారి అడగ్గానే సాయం పుచ్చుకోవడం మోటుతనం, రెండోసారి ఆత్రం. డారిల్ పద్ధతిగా పెరిగినవాడు. కాసేపు మొక్కజొన్న దిగుబడి గురించి మాట్లాడి మళ్లీ అడిగాడు.

"అబ్బే, ఇక్కణ్ణించి ఆకాశం బాగా కనిపిస్తోంది."

నిజంగా మంటలే వస్తే ఈపాటికి నా పంట్లాం అంటుకునేది. మూడోసారి అడగడానికి డారిల్ గొయ్యిలోకే దిగాడు.

"మీకేం కాదు గానీ, పొద్దుట్నుంచీ కూర్చుని నా నడుం పట్టేసింది. కాస్త లాగనిస్తారా?"

"నీ నడుం కోసమైతే సరే."

జిప్పు తెగి కోటు చిరిగింది. బావ బయటపడ్డాడు. ఈకలు గొయ్యంతా ఎగిరాయి. నేను పరుగున మెట్లెక్కి బయటికి వెళ్లేసరికి బావ నవ్వడం లేదు.

"అయితే, సోమవారం ఆశ్రమమేనా?" అన్నాడు మెల్లగా.

డారిల్ మీసం మీది ఈక తీసుకుని కాగితం విప్పాడు. "నేను చూడాల్సింది కిటికీని. దానికేం లోటు లేదు. కోటు సంగతి నిబంధనల్లో లేదు." సంతకం పెట్టి ముద్ర వేశాడు. "కానీ ఎల్డన్ గారూ, నిజంగా మంటలొస్తే కోటు వదిలెయ్యండి."

"మంచి కోటయ్యా అది."

"ఇప్పుడు కాదుగా."

ఎల్డన్ కూతురికి ఫోన్ చేసి సోమవారం రావద్దన్నాడు. తర్వాత మంచం ఎటు వేయాలో చూశాం. మూడు గంటల ఎండ ఆ కిటికీలోంచి నేల మీద జానెడు మేర పడుతోంది. అంత వెలుగు ఆ గదిలో మార్లిస్ ఏనాడూ చూడలేదు. ఏ నిబంధనా దాన్ని అడగలేదు.

బావ మంచాన్ని సరిగ్గా ఆ ఎండలోకి జరిపాడు.