ఈగలు తోలే ఉద్యోగం

జామకాయ కోసే ముందు తొక్కంతా తిప్పి చూడడం నాకు అలవాటు. గుండుసూది మొనంత మచ్చ కనిపిస్తే చాలు, లోపల ఈగ గుడ్లు పెట్టి పోయినట్టే. ఆ ఆదివారం మధ్యాహ్నం అలా చూస్తుంటే మా ఆయన ముందుగదిలోంచి ఫోన్లో స్నేహితుడితో నవ్వుతున్నాడు. "మా ఆవిడకేంరా, హాయి. ఆఫీసుకెళ్ళి ఈగలు తోలుకుంటుంది." పదకొండేళ్ళుగా అదే జోకు. కొడుకు మీద ఈగ వాలనివ్వని మా అత్తగారు మొదటిసారి విన్నట్టు నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆవిడకు గింజలు తీసి, ఆయనకు ఉప్పు చల్లి, చెరో గిన్నెలో పెట్టి ఇచ్చాను.

ఒకచోట కూర్చోలేకపోతున్నాను. లాప్‌టాప్ తెరుస్తాను, మూస్తాను, నాలుగు బట్టలు మడతపెట్టి మళ్ళీ తెరుస్తాను. రేపు పొద్దున్న పండు ఈగల మీద నేను రాసిన నివేదిక మా ఆఫీసు నుంచి ప్రభుత్వానికి వెళ్ళాలి. అందులో ఒక్క వాక్యం కింద మా డైరెక్టరు ఎర్ర గీత పెట్టారు. నేను రాసింది "ఈ ఈగలు ఎక్కడికీ పోలేదు" అని. ఆయనకు కావలసింది "బయటినుంచి మళ్ళీ వచ్చాయి" అని.

ఈ పండు ఈగ మా ప్రాంతానిది కాదు, ఎప్పుడో ఓడలో పండ్లతో పాటు దిగింది. తోటల్లో మందు కొట్టించి, ఈగల్ని పట్టే బుట్టలు కట్టించి, దాన్ని పూర్తిగా నిర్మూలించామని మూడేళ్ళ క్రితం మా ఆఫీసు ప్రకటించింది. ఇప్పుడు కనబడుతున్నవి కొత్తగా దిగినవంటే తప్పు రేవులో తనిఖీవాళ్ళది అవుతుంది. కానీ నేను అప్పటి ఈగల జన్యువుల్నీ ఇప్పటివాటినీ పక్కపక్కన పెట్టి చూశాను. కొత్తగా వచ్చినవైతే కొత్త పోలికలు ఉండాలి కదా. ఒక్కటీ లేదు. అన్నీ ఒకే కుటుంబం, అప్పుడు చావకుండా మిగిలిన గుప్పెడు ఈగల సంతానం.

"ఒక్క మాటే కదమ్మా, సర్దేయండి," అన్నారు డైరెక్టరు.

సర్దడం నాకు కొత్తా? పెళ్ళయ్యాక నా పరిశోధన రెండేళ్ళు ఆగిపోతే, "ఆడదన్నాక సర్దుకోవాలమ్మా," అంది అత్తగారు. నా పుస్తకాల అలమర ఖాళీ చేసి ఆడపడుచు పిల్లల బొమ్మలు పెడితే, "సర్దుకోరాదూ, చిన్నపిల్లలు," అన్నాడు ఆయన. సర్దుకున్నాను. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మూడేళ్ళ క్రితం ఆ ప్రకటనకు ముందు ఆఖరి వారంలో ఒక బుట్టలో దొరికిన నాలుగు ఈగల్ని కూడా సర్దేశాను. "నాలుగేగా, తీసేయండి," అన్నారు డైరెక్టరు. తీసేసి, "పూర్తిగా పోయాయి" అని రాశాను.

పోయిన వారం ఒక తోట యజమానురాలు ఆఫీసుకు ఫోన్ చేసింది. "పురుగు పోయిందని మీరు చెప్పారనేగా అమ్మా, బుట్టలు విప్పేశాం. ఇప్పుడు ఏ కాయ కోసినా పురుగే. చెట్లు కొట్టించేస్తున్నాను." తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఈసారి కూడా మాట మారిస్తే తనిఖీ అంతా రేవులోనే జరుగుతుంది, తోటల్లో బుట్టలు ఎవరూ కట్టరు. ఆవిడ పక్క తోటలకూ అదే గతి.

"నేను ఆ వాక్యం మార్చకపోతే?" అని మా ఆయన్ని అడిగాను.

ఆయన గిన్నెలోంచి తల ఎత్తలేదు. "ప్రమోషన్ పోతుంది. నీకెందుకొచ్చిన గొడవ? మూడేళ్ళ క్రితం ఎవరు రాశారో ఎవడికి గుర్తుంటుంది?"

నాకు గుర్తుంది. ఆ నాలుగు ఈగలున్న సీసా మీద అతికించిన కాగితం, దాని మీద నా చేతిరాత, అన్నీ గుర్తున్నాయి.

లేచి గదిలోకి వెళ్ళాను. "టీ పెట్టవూ?" అని అత్తగారు కేకేసింది. "మీ అబ్బాయిని అడగండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తలుపు వేసుకుని కూర్చున్నాను. వాక్యం మార్చలేదు. దాని కింద ఇంకొకటి చేర్చి, రేపటిదాకా ఆగకుండా నివేదిక అందాల్సిన అందరికీ పంపేశాను: "మూడేళ్ళ క్రితం ఆఖరి వారంలో నాలుగు ఈగలు దొరికాయి, వాటిని నివేదికలోంచి తీసేసింది నేనే."